మధ్య గది సంగతేంటన్నా?

లండన్‌లో ఉంటున్న మా కాలేజీ సీనియర్ ఒకన్న పాత ఇల్లు కొన్నాడు. విక్టోరియా రాణి కాలం (1837-1901) నాటి టెర్రస్ ఇల్లు. టెర్రస్ అంటే మన డాబా కాదు, గోడకు గోడ ఆనించి వరసగా కట్టిన ఇళ్లు. ముందు గది, మధ్య గది, వెనక్కి పొడుచుకొచ్చిన సన్నటి వంటగది, దాని పక్కన చిన్న సందు, ఆఖర్న తోట.

అన్నకి ఒకటే కల. వెనక గోడ కొట్టేసి, సందు కూడా కలిపేసుకుని, పైన గాజు, ఎదురుగా గాజు తలుపులు పెట్టి, తోటలో కూర్చుని తింటున్నట్టుండే డైనింగ్ కట్టాలని. తప్పేం లేదు, డిసెంబర్‌లో అక్కడ పగలు 8 గంటలే మరి!

ప్లాన్ నాకు వాట్సాప్ చేశాడు. నాది సివిల్ కాదు, సాఫ్ట్‌వేర్. అయినా ఒక బగ్ దొరికింది. మధ్య గదికున్న ఒకే ఒక్క కిటికీ ఆ సందువైపే ఉంది. సందు కప్పేస్తే ఆ గది పగలే చీకటి. ఇండియా నుంచి వచ్చినప్పుడల్లా వాళ్లమ్మ ఉండేది అందులోనే.

"రూల్స్ అన్నీ చూశాను రా" అన్నాడు. నిజమే, చూశాడు. టెర్రస్ ఇంటి వెనక 3 మీటర్ల లోపు ఒక్క అంతస్తే అయితే చాలాసార్లు ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేదు. సందుతో కలిపి చుట్టేస్తే మాత్రం మామూలుగా అప్లికేషన్ పెట్టాలి. ఉమ్మడి గోడ మీద పనుంటే 1996 నాటి పార్టీ వాల్ చట్టం ప్రకారం పక్కింటికి రెండు నెలల ముందే నోటీసివ్వాలి. పక్కింటి కిటికీకి 20 ఏళ్లుగా అడ్డులేకుండా వెలుతురొస్తుంటే, 1832 నాటి చట్టం కింద అది వాళ్ల హక్కే కావచ్చు. అడ్డం కడితే కోర్టుకెళ్తారు.

పక్కింటి వెలుతురు కోసం కోర్టుంది. మన మధ్య గది తరఫున కేసేసేదెవరు?

దారి లేకపోలేదు. సందు మొత్తం కప్పకుండా, ఆ కిటికీ ముందు కాస్త జాగా ఆకాశానికి వదిలేయడమే. మన మండువా లోగిలి లాజిక్కే ఇది. పైగా గాజు ఎక్కువైతే ఎండాకాలం ఉడుకు, చలికాలం హీటర్ బిల్లు. కొత్తగా కట్టే భాగంలో గాజు దాని నేల విస్తీర్ణంలో పావు వంతు దాటితే అక్కడి బిల్డింగ్ రూల్స్ కూడా లెక్కలడుగుతాయి.

కానీ జాగా వదిలితే ఎనిమిది మంది కూర్చునే టేబుల్ పట్టదు. అన్నకి అది నచ్చలేదు. "ఆంటీని అడుగన్నా" అన్నాను.

ఆంటీ ఒకటే మాటన్నారట: "రోజూ తినేది ముగ్గురమే కదరా. నాకు పేపర్ చదువుకోడానికి వెలుతురుంచు చాలు."

నిన్న కొత్త ప్లాన్ పంపాడు. టేబుల్ ఆరుగురికే. కిటికీ ముందు చిన్న చతురస్రం ఖాళీగా ఉంది. అందులో 'తులసి' అని రాశాడు. ఆ చలికి తులసి బతుకుతుందో లేదో గానీ, మధ్య గది మాత్రం బతికింది.

మీ ఇంటి ప్లాన్ వచ్చినప్పుడు కొత్త గది ఒక్కటే చూసి మురిసిపోకండి. దాని వెనక ఏ గది మిగిలిపోతోందో, అందులో ఎవరుంటారో కూడా చూడండి.