ముగింపుపై తగవుకు మద్రాసు ఇచ్చిన జవాబు

2022లో ‘కార్తీక దీపం’ సీరియల్ చూసే ఇళ్లలో ఉన్నట్టుండి రెండు పార్టీలు పుట్టాయి. డాక్టర్ బాబు, వంటలక్క వెళ్తున్న కారు లోయలో పడింది. కథ ఏళ్లకేళ్లు ముందుకు దూకింది. నిన్నటిదాకా పలకలు పట్టుకున్న వాళ్ల పిల్లలు హిమ, శౌర్య పెద్దవాళ్లై తెర మీదికి వచ్చారు. ‘వాళ్లు చచ్చిపోతే ఇంక చూడ్డానికేముంది’ అని టీవీ కట్టేసినవాళ్లు కొందరు. ‘ఎక్కడో బతికే ఉంటారు, చూస్తూ ఉండు’ అని పందెం కాసినవాళ్లు కొందరు. ఎన్నాళ్లని ఆ ఇద్దరి ఏడుపే చూస్తాం, పిల్లల కథ నడవనీ అన్నవాళ్లూ లేకపోలేదు. కొన్ని నెలలు తిరిగేసరికి వంటలక్క దీప కళ్లు తెరిచింది, డాక్టర్ బాబు కార్తీక్ కూడా తిరిగొచ్చాడు. తగవు తీరిపోయింది.

నా బాధ అక్కడే. ఒక ముగింపు మీద జనం రెండుగా చీలి వాదించుకుంటున్నారంటే, కథ వాళ్ల ఇళ్లలోకి నడిచి వెళ్లిందన్నమాట. రాసేవాడికి అంతకన్నా ఏం కావాలి? అలాంటి సమయంలో జరిగినదాన్ని జరగలేదని చెప్పేస్తే, వాదించినవాళ్లందరి శ్రమా వృథా అవుతుంది. ఏడ్చినవాళ్ల ఏడుపుకు విలువుండదు.

సీరియల్ తీసేవాళ్ల కష్టం నాకు తెలియనిది కాదు. ప్రతి గురువారం వారం తాలూకు రేటింగులు వస్తాయి. అంకె పడిపోతే స్లాటు పోతుంది, స్లాటు పోతే యూనిట్ మొత్తానికి పని పోతుంది. ఆ భయంలో కథ మార్చినవాళ్లను తప్పుపట్టడం సులువు. కానీ జనం కోపానికి లొంగడం, జనాన్ని లెక్కచేయకపోవడం అనే రెండు దారులే ఉన్నాయనుకోవడం మాత్రం పొరపాటు. మూడో దారిలో ఒకాయన మద్రాసులో అర్ధశతాబ్దం కిందటే నడిచి చూపించాడు.

ఆయన జయకాంతన్. 1966లో ‘ఆనంద వికటన్’లో ఆయన రాసిన ‘అగ్నిప్రవేశం’ అనే కథ వచ్చింది. కథ చిన్నదే. వానలో బస్సు కోసం నిలబడ్డ కాలేజీ అమ్మాయిని ఒక డబ్బున్నవాడు పెద్ద కారులో ఎక్కించుకుంటాడు. ఆ కారులోనే ఆమె జీవితం తలకిందులవుతుంది. తడిసి ముద్దై ఇంటికొచ్చి తల్లికి జరిగింది చెప్తుంది. తల్లి గుండె పగిలి అరుస్తుంది, కూతుర్ని కొడుతుంది. ఆ అలికిడికి పక్కవాటాల వాళ్లు ఏమైందంటూ వస్తారు.

కథంతా ఆ ఒక్క క్షణం మీద నిలబడి ఉంది. గుమ్మంలో ఇరుగుపొరుగు. లోపల వణుకుతున్న పిల్ల. మధ్యలో తల్లి. ఏం లేదు, ఇంత వానలో ఇలా తడిసి వస్తుందా అని కోప్పడుతున్నానంటూ తల్లి మాట దాటేస్తుంది. వాళ్లు వెళ్లిపోతారు. అప్పుడామె కూతుర్ని స్నానానికి తీసుకెళ్లి నెత్తిన నీళ్లు కుమ్మరిస్తుంది. నీ మీద ఏ మచ్చా లేదు, శుద్ధి అయిపోయావు, ఈ సంగతి ఎవరికీ చెప్పకు అంటుంది. సీతమ్మకు నిప్పుతో పెట్టిన పరీక్షను ఈ తల్లి నీళ్లతో ముగించేసింది. పైగా ఆ పరీక్ష కూతురికి పెట్టలేదు, తనకు తానే పెట్టుకుని గెలిచింది. అసలు అగ్నిలో దూకింది ఆ తల్లేనని నాకనిపిస్తుంది.

ఇక చూడండి. తమిళ పాఠకులు భగ్గుమన్నారు. చెడిన పిల్లను నాలుగు చెంబుల నీళ్లతో శుద్ధి చేస్తావా, ఇళ్లలో ఆడపిల్లలు చదివే పత్రికలో ఇదేం కథ అని ఒక పక్క. ఇన్నాళ్లకు ఒక తల్లి తల్లిలా ప్రవర్తించింది, మన సాహిత్యానికి ఇది కావాలి అని మరో పక్క. తల్లి చేసింది క్షమా, దాచిపెట్టడమా, రెండూనా అన్నది కథ తేల్చదు. రేపు ఆ పిల్ల జీవితం ఎలా ఉంటుందో కూడా చెప్పదు. అందుకే తగవు అన్నాళ్లు సాగింది.

ఈ స్థితిలో ఇవాళ్టి చానెల్ ఏం చేసేదో ఊహించుకోవచ్చు. ఆ కారు ప్రయాణం పిల్లకు వచ్చిన పీడకల అయ్యేది, లేదంటే ఆ డబ్బున్నవాడు పశ్చాత్తాపపడి తాళి కట్టేవాడు. జయకాంతన్ కథలో ఒక్క అక్షరం మార్చలేదు. నా ఉద్దేశం ఇదీ అని సంజాయిషీ ఇచ్చి ఊరుకోనూలేదు. తనను తిట్టినవాళ్లు కోరిన ముగింపునే తీసుకుని ఒక నవల రాశాడు. ‘దినమణి కదిర్’లో మొదట వేరే పేరుతో ధారావాహికగా వచ్చి, 1970లో పుస్తకమైన ‘సిల నేరంగళిల్ సిల మనిదర్‌గళ్’ అదే.

అందులో తల్లి మాట దాటెయ్యదు. లోకమంతటికీ వినబడేలా గుండెలు బాదుకుంటుంది. అంతే తేడా. ఆ ఒక్క అరుపుతో అన్న చెల్లెల్ని ఇంట్లోంచి గెంటేస్తాడు. గంగ అనే ఆ పిల్ల తంజావూరులో మేనమామ పంచన చేరి చదువుకుని, పెద్ద ఉద్యోగం సంపాదించి, ఒంటరిగా మిగులుతుంది. చేయూతనిచ్చిన ఆ మామ చూపులోనూ మలినం ఉంది. మీరు కోరిన తల్లి ఈమే, ఈమె చేతిలో ఆ పిల్ల బతుకు ఇదీ అని పన్నెండేళ్ల జీవితాన్ని పరిచి చూపించాడు.

ఇంకా గొప్ప సంగతి, ‘అగ్నిప్రవేశం’ కథను కూడా నవల్లోకి లాక్కొచ్చాడు. గంగ ఒక పత్రికలో ఆ కథ చదువుతుంది. ఇది నా కథే, కానీ ముగింపు నాది కాదు అనుకుంటుంది. తనకలాంటి తల్లి దొరికి ఉంటే అనుకుంటుంది. దాన్ని రాసిన ఆర్.కె.వి. అనే రచయితను వెతుక్కుంటూ వెళ్తుంది, ఆయన ద్వారా ఆ కారువాణ్నీ పట్టుకుంటుంది. రెండు ముగింపులూ ఒకే పుస్తకంలో ఎదురెదురుగా కూర్చున్నాయి. ఒకటి ఇంకొకదాన్ని రద్దు చేయదు. పాఠకుడికి తేల్చుకునే పని తప్పలేదు, పైగా ఇప్పుడు తేల్చుకోవడానికి కావలసిన సరుకు బోలెడు దొరికింది. గంగ కథ కూడా సుఖాంతం కాదు. దాని మీద మళ్లీ తగవు. ఆయన మళ్లీ ‘గంగై ఎంగే పోగిరాళ్’ రాశాడు.

‘సిల నేరంగళిల్ సిల మనిదర్‌గళ్’కు 1972లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఎ. భీమ్‌సింగ్ సినిమాగా తీస్తే స్క్రీన్‌ప్లే జయకాంతనే రాశాడు. గంగగా నటించిన లక్ష్మికి జాతీయ ఉత్తమ నటి అవార్డు దక్కింది. ఆమె మన తెలుగు దర్శకుడు వై.వి. రావు కూతురే. బ్రాహ్మణ అగ్రహారపు భాషలో సాగే ఆ నవలను జనం చదివారు, ఆ సినిమాను జనం చూశారు. జనానికి ఎక్కదు అనే మాట ఇక్కడ చెల్లదు.

దీని పక్కన అమెరికా అనుభవం పెట్టి చూడాలి. 2007 జూన్ 10న హెచ్‌బీఓలో ‘ది సోప్రానోస్’ చివరి ఎపిసోడ్ వచ్చింది. ఆరు సీజన్లు, 86 ఎపిసోడ్లు. మాఫియా నాయకుడు టోనీ ఒక హోటల్లో భార్యాపిల్లల కోసం కూర్చుంటాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా గంట మోగుతుంది, అతను తలెత్తి చూస్తాడు. ఎవరో ఒకడు అతని పక్కనుంచే బాత్రూంలోకి వెళ్తాడు. బయట కూతురు కారు పార్కింగ్ చేయలేక తంటాలు పడుతోంది. మళ్లీ గంట. టోనీ తలెత్తుతాడు. తెర నల్లబడిపోతుంది, పాట మధ్యలో తెగిపోతుంది. కొన్ని సెకన్ల పాటు చప్పుడు లేదు, బొమ్మ లేదు. కేబుల్ పోయిందనుకుని చాలామంది టీవీలు తట్టి చూసుకున్నారు. మోసపోయామన్నవాళ్లూ, ఇంత గొప్ప ముగింపు టీవీలో రాలేదన్నవాళ్లూ నేటికీ ఉన్నారు. ఆ ఎపిసోడ్ రచనకే రచయిత డేవిడ్ చేజ్‌కు ఎమ్మీ వచ్చింది.

చేజ్ మొదట వివరించనన్నాడు. అది నాకు నచ్చింది. కానీ టోనీని చంపేశారా లేదా అన్న ప్రశ్న ఏళ్ల తరబడి వెంటపడింది. 2014లో ఒక పత్రిక టోనీ చావలేదని ఆయన అన్నట్టు రాసింది. నా మాటను వక్రీకరించారని ఆయన అనాల్సి వచ్చింది. 2021లో, తన మనసులో ఒకప్పుడు ఒక చావు దృశ్యం ఉండేదని చెప్పాడు. అంతే, చచ్చిపోయాడని ఒప్పుకున్నాడోచ్ అని వార్తలు. నల్లని తెర అంతకాలం పట్టి ఉంచిన పట్టును ఒక ఇంటర్వ్యూ సడలించేసింది. ముగింపును కాపాడుకోవడానికి మౌనం ఒక్కటీ సరిపోదు, ఎందుకంటే ప్రాణమున్న మనిషిని అడుగుతూనే ఉంటారు. జయకాంతన్‌ను అడిగినవాళ్లకు చదువుకోవడానికి నవల ఉంది.

అందుకే ఈ మద్రాసు ఉదాహరణ మన టీవీ రచయితలకు, చానెళ్లకు పనికొస్తుందంటున్నాను. కథ కంచికి చేరాల్సిందే అన్న అలవాటు మనకు గట్టిదే, కాదనను. దాన్ని గౌరవిస్తూనే వేరే పని చేయొచ్చు. ‘కార్తీక దీపం’ 2023 జనవరిలో ముగిసింది. 2024 మార్చిలో అవే ముఖాలతో, కొత్త కథతో రెండోది మొదలైంది. జనం ఇష్టపడ్డ ఇద్దర్ని మళ్లీ చూపించడానికి వాళ్లను లోయలోంచి లేపనవసరం లేదని ఆ చానెల్‌కే అప్పుడు తెలిసొచ్చింది. ఆ ఉపాయం 2022లోనే తట్టి ఉంటే? కారు పడిపోయిన కథను అలాగే ఉంచి, పడకపోతే ఏమయ్యేదో ఇంకో సీరియల్‌గా నడిపి ఉంటే, ఇంట్లో పందేలు కాసిన రెండు వర్గాలూ రెండింటినీ చూసేవి. వాదన పెరిగేది, రేటింగూ పెరిగేదేమో.

చదవాలనుకునే తెలుగువాళ్లకు జయకాంతన్ నవల ‘కొన్ని సమయాల్లో కొందరు మనుషులు’గా మన భాషలో ఉంది. అనువదించింది జీవితంలో ఎక్కువ భాగం మద్రాసులోనే గడిపిన మాలతీ చందూర్. ముందు ‘అగ్నిప్రవేశం’ సంపాదించి చదవండి. గుమ్మంలోకి వచ్చిన పొరుగువాళ్లకు ఆ తల్లి ఇచ్చిన జవాబు సరైనదో కాదో ఇంట్లో ఒకసారి వాదించుకోండి. నవల ఆ తర్వాతే తెరవండి.