‘ఓకే’ అని రాస్తే చాలదు!

చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు సింహద్వారం దగ్గర ఓసారి తలెత్తి చూస్తారు. అక్కడుంది ఖిల్వత్ గడియారం. రెండున్నర శతాబ్దాలుగా టిక్కుటిక్కుమంటూనే ఉందని చెబుతారు. అందులో పెద్ద రహస్యమేమీ లేదు. గడియారాల పని తెలిసిన కుటుంబమొకటి వారం వారం దానికి కీ ఇస్తుంటుంది. మరిచిపోతే గడియారం ఆగుతుంది, ఊరందరికీ తెలిసిపోతుంది.

కరెంటు సామానుతో చిక్కంతా అక్కడే. పట్టించుకోకపోయినా అది వెంటనే ఆగదు. మోటారు తిరుగుతూనే ఉంటుంది. ప్యానెల్ బోర్డులో వదులైన స్క్రూ లోలోపల వేడెక్కుతూనే ఉంటుంది. సంగతి తెలిసేసరికి... పొగ!

పాతబస్తీకి ఈ మాట ఒకరు చెప్పనక్కర్లేదు. 2025 మే 18 ఉదయం చార్మినార్‌కు కూతవేటు దూరంలోని గుల్జార్ హౌజ్‌లో ఓ భవనంలో మంటలు లేచి 17 మంది చనిపోయారు. వారిలో 8 మంది పిల్లలు. షార్ట్ సర్క్యూట్ కారణమై ఉండొచ్చని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. అదేమీ ఫ్యాక్టరీ కాదు. కింద దుకాణాలు, పైన ఇల్లు. కానీ ఈ గల్లీల్లో ఏది ఇల్లు, ఏది దుకాణం, ఏది కార్ఖానా అని గీత గీసి చెప్పగలమా? కింద మోటారు తిరుగుతుంటే పైన పిల్లలు నిద్రపోయే ఇళ్లు ఎన్నో.

ఇక చిన్న ఫ్యాక్టరీల సంగతి. మెయింటెనెన్స్ రిజిస్టరంటే ఎలా ఉంటుంది? అట్ట ఊడిన పొడుగు పుస్తకం, పేజీల నిండా గ్రీజు వేలిముద్రలు. తేదీ, మోటారు నంబరు, ‘ఓకే’, ఓ సంతకం. మర్నాడూ ఓకే, మరుసటి నెలా ఓకే. అసలు రిజిస్టరు ఉండేది ఉస్తాద్ బుర్రలో. ‘వానొస్తే మూడో నంబరు స్టార్టర్ ముట్టుకోకురా’ అని హెల్పర్ కుర్రాడికి చెప్పేది ఆయనే. ఆయన ఊరెళ్లిన రోజే వాన పడితే?

ఓ లెక్క చూద్దాం. ఒక 415 వోల్టుల మోటారు ఉందనుకోండి. మెగ్గర్ పెట్టి వైండింగ్ ఇన్సులేషన్ కొలిచారు. జనవరిలో 200 మెగోమ్‌లు. ఏప్రిల్‌లో 90. జులైలో 30. అక్టోబరులో 8. ఒక్క మెగోమ్ దాటితే చాలన్నది పాతకాలం నుంచీ ఉన్న లెక్క. కాబట్టి నాలుగుసార్లూ ‘ఓకే’నే! అవే అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి. మోటారు మెట్లు దిగుతోందని చిన్నపిల్లాడైనా చెబుతాడు. రికార్డుల్ని కంప్యూటర్లోకి ఎక్కించడంలోని అసలు లాభం ఇదే. కాగితం మిగలడం కాదు, నాలుగు పేజీల్లో దాగిన సంగతి ఒక్క గీతలో కనబడటం. అయితే గాలిలో తేమ, మోటారు వేడి కూడా ఈ అంకెను మారుస్తాయి. అవీ పక్కన రాస్తేనే పోలిక నిలుస్తుంది.

దీనికి లక్షలు పోయక్కర్లేదు. ఒక ఎక్సెల్ షీటు, ఒక ఫోను చాలు. ప్రతి మోటారుకీ, ప్యానెల్‌కీ ఓ క్యూఆర్ కోడ్ స్టిక్కరు. చాయ్ బండి దగ్గర డబ్బులు కట్టే ఆ నలుపు తెలుపు గళ్ల బొమ్మ అసలు పుట్టిందే ఫ్యాక్టరీ కోసం. 1994లో జపాన్‌లోని డెన్సో సంస్థలో మసహిరో హరా బృందం కార్ల విడిభాగాల లెక్క కోసం దాన్ని తయారుచేసింది. స్కాన్ చేస్తే ఆ మోటారు జాతకమంతా కళ్లముందుంటుంది.

మొదలెట్టేటప్పుడు మూడు జాగ్రత్తలు. ఒకటి, ‘ఓకే’ అనే గడి ఉండకూడదు, అంకె రాయాల్సిందే. లేదంటే కుర్చీలో కూర్చునే టిక్కులు పడిపోతాయి. కాగితం మీది అబద్ధం ఫోన్లోకెక్కితే నిజమైపోదు కదా! రెండు, గడుల పేర్లు పనివాళ్లు చదవగలిగే భాషలో ఉండాలి... తెలుగైనా, ఉర్దూ అయినా, హిందీ అయినా. మూడు, పాత పుస్తకాన్ని తూకానికి అమ్మేయకూడదు. ఉస్తాద్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన చెప్పే ప్రతి మాటా ఎక్కించాలి.

ఇక్కడే ఓ భయం. ‘అంతా ఫోన్లోకెక్కితే ఇక నాతో పనేంటి?’ అనుకుంటాడు ఆయన. ఆ అనుమానం తీర్చాల్సింది యజమానే. ఏ బేరింగ్ అరుస్తోందో వినే చెవి ఫోనుకు లేదు. అది గుర్తుపెట్టుకుంటుందంతే.

నిజానికి భయపడాల్సింది యజమాని. ‘కేబుల్ మార్చాలి’ అని ఉస్తాద్ నోటిమాటగా చెబితే గాలికి పోతుంది. ఫోన్లో రాస్తే తేదీతో సహా నిలుస్తుంది. రేపు ఏదైనా జరిగితే ‘నాకెవరూ చెప్పలేదే’ అనడానికి వీల్లేదు. కరెంటు సరఫరా చేసేవాళ్లు ఎర్తింగ్ పరీక్షల రికార్డును రెండేళ్లపాటు దాచి, ఇన్‌స్పెక్టర్ అడిగితే చూపాలని 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లోనే ఉంది. రికార్డన్నది జవాబుదారీ కోసమని అప్పుడే గుర్తించారన్నమాట.

ఖిల్వత్ గడియారం ఆగితే పోయేది టైమే. కింది అంతస్తులోని మోటారు అలా కాదు. దానికీ వారం వారం కీ ఇచ్చే చెయ్యి కావాలి. ఇచ్చినట్టు నిజంగా రాసే చెయ్యి కూడా!