గ్రూపు ఇంటిపేరు మాత్రమే

ఆవర్తన పట్టికలో గ్రూపు తెలిస్తే చాలు, ఆ మూలకం ఏయే సమ్మేళనాలు ఇస్తుందో కూర్చున్నచోటే చెప్పేయొచ్చట. ఇంటర్ క్లాసుల్లోనూ, ఎంట్రన్స్ కోచింగుల్లోనూ ఇదే పాట. చెప్పింది జరగని చోట 'మినహాయింపు' అని పెట్టె గీసి బట్టీ పట్టిస్తారు. నా పేచీ ఆ పెట్టెతోనే.

ఈ వాదానికి పెట్టనికోట మెండలీవ్. ఇంకా దొరకని ఎకా-సిలికాన్ గురించి 1871లోనే చెప్పాడు: పరమాణు భారం 72, క్లోరైడ్ వంద డిగ్రీల లోపే మరుగుతుంది, దాని సాంద్రత 1.9. 1886లో వింక్లర్ జెర్మేనియం కనుక్కుంటే క్లోరైడ్ 86 డిగ్రీల దగ్గర మరిగింది. అబ్బురమే, కాదనను. అయితే ఆయన నిలువు వరసను మాత్రమే నమ్ముకోలేదు, అటూ ఇటూ ఉన్న మూలకాలనూ లెక్కలోకి తీసుకున్నాడు. పట్టిక అంచు దాటి, హైడ్రోజన్ కంటే తేలికైన మూలకాన్ని కూడా ఊహించాడాయన. ఆ జోస్యం మాత్రం ఎవరికీ గుర్తుండదు.

జెర్మేనియం పక్క గదిలోనే ఆర్సెనిక్ ఉంది. దాని పైన ఉన్న ఫాస్ఫరస్‌కు పెంటాక్లోరైడ్ ఉంది, కింద ఉన్న ఆంటిమొనికీ ఉంది. మధ్యలో ఉన్న ఆర్సెనిక్‌కు ఉండి తీరాలి కదా? ఎన్నాళ్లకూ చేతికి రాలేదు. చివరికి 1976లో జెపెల్ట్, ఆర్సెనిక్ ట్రైక్లోరైడ్‌ను ద్రవ క్లోరిన్‌లో ఉంచి, సున్నాకు 105 డిగ్రీలు దిగువన అతినీలలోహిత కాంతి పడేలా చేసి సాధించాడు. మైనస్ 50 దగ్గరికి వచ్చేసరికి అది విడిపోయింది. ఇంటిపేరు కస్తూరివారే మరి!

కారణం నిలువుగా వెతికితే దొరకదు. నాలుగో పీరియడ్‌లో ముందుగా పది 3డి ఎలక్ట్రాన్లు నిండుతాయి. కేంద్రకం లాగుడును అవి సరిగ్గా అడ్డుకోలేవు. దాంతో 4ఎస్ జంట బిగుసుకుపోతుంది, ఆర్సెనిక్ తన బయటి అయిదు ఎలక్ట్రాన్లనూ బంధాలకు ఇవ్వడానికి మొరాయిస్తుంది. అదే వరసలోని బ్రోమిన్‌దీ ఇదే జబ్బు. అంటే ఇది మినహాయింపు కాదు, అడ్డంగా నడిచే మరో క్రమం.

బ్రోమిన్ కథ ఇంకా తమాషా. పెర్‌క్లోరేట్, పెర్‌అయొడేట్ ఎప్పటినుంచో ఉన్నాయి, పెర్‌బ్రోమేట్ మాత్రం లేదు. దొరకలేదు గనక అసలు ఉండదంటూ కారణాలు కూడా రాసేశారు పండితులు. 1968లో అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలలో అపెల్మన్ రేడియోధార్మిక సెలీనియం-83 ఉన్న సెలెనేట్‌ను తీసుకున్నాడు. ఆ సెలీనియం బీటా క్షయంతో బ్రోమిన్‌గా మారింది, పెర్‌బ్రోమేట్ బయటపడింది. తర్వాత జెనాన్ ఫ్లోరైడ్‌తోనూ చేశారు. జడవాయువులకు సమ్మేళనాలే ఉండవని 1962 దాకా పాఠం చెప్పిన గ్రూపులోని జెనానే! పొటాషియం పెర్‌బ్రోమేట్ 250 డిగ్రీల వేడికీ చెక్కుచెదరదు. పుట్టడమే కష్టం, పుట్టాక గట్టిపిండం. తయారుచేయడం కష్టమా, తయారయ్యాక నిలవదా అన్నవి రెండు వేరువేరు ప్రశ్నలు. గ్రూపు సంఖ్య ఈ రెండింటినీ కలిపేస్తుంది.

సీసం దగ్గర మన పాఠాలు 'జడ జంట ప్రభావం' (బయటి ఎస్ జంట బంధాలకు రాకపోవడం) అని రెండు ముక్కలు చెప్పి, స్థిరమైనది +2 అని మార్కులేసేస్తాయి. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ధన పలకలో ఉన్నదేమో +4 స్థితిలోని లెడ్ డయాక్సైడ్. ఆక్సిజన్‌తో +4 నిలుస్తుంది, క్లోరిన్‌తో కొద్ది వేడికే టెట్రాక్లోరైడ్ విడిపోతుంది, అయొడిన్‌తోనైతే టెట్రాఅయొడైడ్ ఊసే లేదు. పరీక్షలో 'సీసం సంయోజకత ఎంత' అని అడగడం మాని, అయనీకరణ శక్తులూ బంధ శక్తులూ చేతికిచ్చి, ఈ మూడింటిలో ఏది ఎందుకు నిలుస్తుందో లెక్క కట్టమనండి.