బొమ్మ గీసిన చెయ్యి

మికీ మౌస్‌ని సృష్టించిందెవరయ్యా అంటే మన కాలేజీలో ఎవర్నడిగినా తడుముకోకుండా "వాల్ట్ డిస్నీ" అంటారు. క్విజ్ పోటీల్లో మార్కులు పడేదీ ఆ జవాబుకే. అది సగం జవాబని నా వాదన.

1928లో డిస్నీ పరిస్థితి ఏమంత బాగా లేదు. అంతవరకు ఆయన స్టూడియో తీస్తున్న 'ఓస్వాల్డ్' అనే కుందేలు బొమ్మ మీద హక్కులు యూనివర్సల్ వాళ్ళవి. డిస్ట్రిబ్యూటరు చార్లెస్ మింట్జ్ ఆ కుందేలుతోపాటు డిస్నీ దగ్గరున్న చిత్రకారుల్లో చాలామందిని కూడా లాగేసుకున్నాడు. పోకుండా నిలబడ్డవాడు అబ్ ఐవర్క్స్, కాన్సాస్ సిటీ రోజుల నుంచీ డిస్నీకి స్నేహితుడు. కొత్త ఎలుకతో తీసిన 'ప్లేన్ క్రేజీ'కి బొమ్మలు దాదాపు అన్నీ ఆయనొక్కడే గీశాడు. రోజుకి 700 దాకా గీశాడని చెప్పుకుంటారు.

అంటే ఏమిటో ఒకసారి లెక్క వేసి చూడండి. తెర మీద సెకనుకి 24 ఫ్రేములు. ఏడు నిమిషాల సినిమాకి 10,080. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములకి వాడుకున్నా అయిదువేల పైమాటే. పెన్సిలు బొమ్మని సెల్యులాయిడ్ షీటు మీదికి ఇంకుతో దించాలి, వెనకవైపు రంగు నింపాలి, ఒక్కొక్కటే కెమెరా కింద పెట్టి తియ్యాలి. ఫిజిక్సు లాబులో ఇరవై రీడింగులు తీసేసరికే మనకి నడుం పడిపోతుంది!

డిస్నీ అభిమానులు ఊరుకోరు, నాకు తెలుసు. 'స్టీమ్‌బోట్ విల్లీ'కి శబ్దం జోడించాలని పంతం పట్టి డబ్బు ధారపోసింది డిస్నీయే, మికీ గొంతు కూడా ఆయనదే అంటారు. నిజమే. ఆ చిత్రం టైటిల్ కార్డు మీద ఐవర్క్స్ పేరు ఉంది కదా అంటారు. అదీ నిజమే. 1930లో విడిపోయి 'ఫ్లిప్' అనే కప్ప బొమ్మతో సొంతంగా నిలబడాలని చూసిన ఐవర్క్స్, 1936కల్లా స్టూడియో మూసుకుని 1940లో మళ్ళీ డిస్నీ గూటికే చేరాడు కదా అనీ అంటారు. విత్తనం ఎంచినవాడి తెలివిని నేను కాదనను. దుక్కి దున్నినవాడి మాటేమిటి? మా ధాన్యం మిల్లుకెళ్ళి బియ్యమయ్యాక బస్తా మీద ఉండేది మిల్లు పేరే. అది చూస్తూ పెరిగినవాణ్ణి గనక నాకిది కాస్త ఎక్కువ గుచ్చుకుంటుందేమో.

పోనీ డిస్నీని వదిలేద్దాం. 1940లో ఎం.జి.ఎం. వారి 'పుస్ గెట్స్ ద బూట్' వచ్చింది. మన టామ్ అండ్ జెర్రీకి అదే మొదలు. తీసిన విలియం హానా, జోసెఫ్ బార్బెరాల పేర్లు అందులో లేనే లేవు. రుడాల్ఫ్ ఐసింగ్ పేరుంది. తర్వాత ఆ పిల్లీ ఎలుకా తెచ్చిన ఏడు ఆస్కార్‌లూ నిర్మాత ఫ్రెడ్ క్వింబీ పేరు మీదే వెళ్ళాయి. ఇదేం న్యాయం?

ఊరికే పేరు కోసం ఇంత గొడవా అనకండి. 1941 మే నెలలో డిస్నీ స్టూడియో గేటు ముందు చిత్రకారులు సమ్మెకి కూర్చున్నారు. జీతాలు, యూనియన్ గుర్తింపు సరే, తెర మీద తమ పేరు లేదన్న బాధ కూడా అందులో ఉంది. 'గూఫీ'కి నడకా నడతా నేర్పిన ఆర్ట్ బాబిట్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు, యూనియన్‌లో తిరిగినందుకు.

ఆడపిల్లల సంగతి మరీ అన్యాయం. 1938లో పని కావాలని రాసిన ఒకమ్మాయికి డిస్నీ స్టూడియో ఇచ్చిన జవాబు బయటపడింది. బొమ్మలు తయారుచేసే పని కుర్రాళ్ళదట. ఆడవాళ్ళకి ఇంకు పెట్టడం, రంగులు నింపడం మాత్రమే ఉంటుందట. అంతకుముందు ఏడాదే విడుదలైన 'స్నో వైట్'లో ఆ రంగులన్నీ వాళ్ళు నింపినవే.

వచ్చే ఏడాది క్విజ్ పెట్టే మిత్రులకి నా మనవి ఒకటే. మికీ మౌస్ ప్రశ్న మళ్ళీ వేస్తే, ఐవర్క్స్ పేరు చెప్పినవాడికీ మార్కు వెయ్యండి.