మరల రాని రోగి

ఒక వ్యాధికి మందు కనిపెట్టుట ఒక యెత్తు. ఆ మందును రోగిచేత ప్రతిదినమును, బ్రతికినన్నాళ్లును, తప్పక మ్రింగించుట మరియొక యెత్తు. హెచ్.ఐ.వి. విషయమున మొదటి పని చాలవరకు నెరవేరినది. నేడు మూడు మందులు ఒకే మాత్రలో ఇమిడి, దినమున కొక్కటి చాలుచున్నది. ఆ మాత్రను విడువక వాడినవారి రక్తములో వైరసు పరీక్షకు సైతము అందనంతగా తగ్గిపోవును. అట్టివారివలన సంభోగముద్వారా ఇతరులకు వ్యాధి సోకదని 2011 నుండి వెలువడిన పరిశోధనలు రూఢి చేసినవి. ఇంతటి సాధనము చేతిలో నుండియు, ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారము 2024లో ఈ వ్యాధివలన ప్రపంచమున సుమారు 6 లక్షల 30 వేలమంది మరణించిరి. ఆ యేడు వ్యాధితో జీవించుచున్నవారు 4 కోట్ల 8 లక్షలు. అందు సగమునకు పైగా ఆఫ్రికా ఖండపు తూర్పు, దక్షిణ భాగములవారే.

మందు ధర యొకప్పుడు పెద్ద అవరోధమే. 2001లో బొంబాయికి చెందిన సిప్లా కంపెనీ సంవత్సరమునకు 350 డాలర్లకే మందులిత్తునని ముందుకు వచ్చునప్పటికి, పాశ్చాత్యదేశములలో అదే చికిత్సకు పదివేల డాలర్లకు పైబడి వ్యయమగుచుండెను. 2017లో హైదరాబాదు కంపెనీయైన అరబిందో, మరియొక కంపెనీయగు మైలాన్, ఒకే మాత్రగా చేసిన కొత్త మందుల కలయికను సంవత్సరమునకు 75 డాలర్ల ప్రాంతమున ఇచ్చుటకు ఒప్పుకొన్నవి. ఆఫ్రికా పల్లెలలో పంచబడు మాత్రలలో గణనీయమైన భాగము తెలుగువారి ఊళ్లలో తయారైనదే. ధర దిగినది. ఆరోగ్యకేంద్రమునకు ఒకసారి వచ్చి మరల రానివారి సమస్య మాత్రము అట్లే నిలిచియున్నది.

2014లో ఐక్యరాజ్యసమితి ఎయిడ్సు సంస్థ మూడు మెట్ల లక్ష్యమును నిర్ణయించినది. వ్యాధి ఉన్నవారిలో నూటికి 90 మందికి ఆ సంగతి తెలియవలెను. తెలిసినవారిలో 90 మంది మందు వాడవలెను. వాడువారిలో 90 మందికి వైరసు అణగియుండవలెను. తరువాత దానిని 95కు పెంచిరి. బోట్స్వానా, ఎస్వాటిని, రువాండా, టాంజానియా, జింబాబ్వే దేశములు ఈ హెచ్చు లక్ష్యమును సైతము అందుకొన్నవని 2023లో ఆ సంస్థ ప్రకటించినది. సంపన్నదేశములు కొన్నింటికి ఇంకను చిక్కని గమ్యమిది; ఆఫ్రికా అనగానే జాలిచూపు చూచుటకు అలవాటుపడినవారు దీనిని గమనింపవలెను. అయినను, ప్రపంచమున మరి యేదేశమునను లేనంతమంది, సుమారు 80 లక్షలమంది రోగులున్న దక్షిణాఫ్రికా రెండవమెట్టుకడనే తడబడుచున్నది. మందు వాడని మరి 11 లక్షలమందిని ఆ సంవత్సరాంతములోగా చికిత్సలోనికి తేవలెనని ఆ ప్రభుత్వము 2025 ఫిబ్రవరిలో ఉద్యమము ప్రారంభించినది. ఇట్టివారిలో వ్యాధి సంగతి తెలియనివారికంటె, తెలిసియు రానివారు, కొన్నాళ్లు వాడి మానినవారు ఎక్కువ.

వారేల మానిరి? మలావీ దేశపు అనుభవము దీనికి కొంత సమాధానము చెప్పును. రక్తములోని రక్షకకణములను యంత్రముతో లెక్కించి, అవి తగ్గినవారికి మాత్రమే మందులిచ్చు పద్ధతి పూర్వమున నుండెను. అట్టి యంత్రములు పల్లెలకు చాలవు. కావున గర్భవతికి వ్యాధి ఉన్నట్లు తేలినచో, కణముల లెక్కతో నిమిత్తము లేక, వెంటనే మందు మొదలిడి జీవితాంతము కొనసాగింపవలెనని మలావీ 2011లో నిశ్చయించినది. తల్లిని కాపాడుట, బిడ్డకు వ్యాధి రాకుండ చూచుట రెండును ఒక్కసారిగా సిద్ధించును. బీదదేశమొకటి తన లేమినుండియే కనిపెట్టిన యీ మార్గమును తరువాత అనేకదేశములు అనుసరించినవి. 2015లో ప్రపంచారోగ్యసంస్థ, వ్యాధి ఉన్న ప్రతివారికిని ఆలస్యము లేక చికిత్స జరుపవలెనని సిఫారసు చేసినది.

అయితే 2014లో వెలువడిన పరిశీలనలో మలావీనుండియే ఒక హెచ్చరిక వచ్చినది. తమ ఆరోగ్యము చెడినందున మందు మొదలిడిన స్త్రీలతో పోల్చినచో, గర్భవతులుగా నుండి మొదలిడినవారు తొలినాటి తరువాత అసలే రాకపోవుట ఐదురెట్లు అధికముగా కనిపించినది. ఆలోచించినచో ఇందు వింత లేదు. ఒంట్లో ఏ నలతయు లేక, కడుపులోని బిడ్డ క్షేమము తెలిసికొనుటకు వచ్చిన స్త్రీ, ఒక్క పూటలోనే వ్రేలినుండి నెత్తురుచుక్క ఇచ్చి, ఆ పిడుగువంటి మాట విని, మందుసీసాతో ఇల్లు చేరవలెను. సీసాను ఎక్కడ దాచవలెను? భర్తతో ఏమని చెప్పవలెను? నీవలననే వచ్చినదని అతడు ఇల్లు వెడలగొట్టినచో ఎవరున్నారు? జబ్బుపడి మంచమెక్కి, మందుతో లేచి తిరిగినవానికి ఆ మాత్ర విలువ ఎవరును చెప్పనక్కరలేదు. ఆరోగ్యముగా నున్నవారికి ఆ మాత్ర జబ్బును ప్రతిదినము జ్ఞప్తికి తెచ్చునదే యగును. ప్రభుత్వము ఒక్కదినములో నడిచిన దూరమును ఆమె మనస్సు నడుచుటకు కొన్ని వారములైన పట్టును. ఆ వారములలో ఆమెతో మాటాడువారు కావలెను.

ఇట్లు రానివారి పేర్లయెదుట ఆరోగ్యకేంద్రపు పుస్తకములో “జాడ తెలియదు” అని వ్రాసికొందురు. ఆ రెండుమాటల చాటున ఎవరెవరో ఉందురు. జాంబియాలో కొందరి ఆచూకీని పనిగట్టుకొని తీయగా, మరణించినవారు పుస్తకములు చూపిన సంఖ్యకు పలురెట్లున్నట్లు తేలినది. మరికొందరు ఎవరికిని చెప్పకయే ఇంకొక కేంద్రమునకు మారి మందు వాడుకొనుచున్నారు. కావున పుస్తకమును చూచి సంతోషించుటయు తప్పే, దుఃఖించుటయు తప్పే.

ఆ జాంబియాలోనే, చికిత్స మానినవారి మనసులోని కోరిక లేవియో కొలిచిన పరిశీలన యొకటి 2018లో వెలువడినది. దూరము, నిరీక్షణ, సిబ్బంది ప్రవర్తన మున్నగువానిని పలువిధముల కలిపి చూపి, ఎట్టి ఆసుపత్రి కావలెనో ఎన్నుకొనుమని వారిని అడిగిరి. కసరుకొను సిబ్బంది బదులు మర్యాదగా పలుకరించువారు దొరుకుదురన్నచో 45 కిలోమీటర్లు అదనముగా ప్రయాణించుటకైనను, 19 గంటలు అదనముగా కాచుకొనుటకైనను వారు సిద్ధమని ఆ లెక్కలవలన తేలినది. సర్కారు ఆసుపత్రి వరుసలో ఒక్కనాడు నిలిచిన తెలుగువారికి ఈ సంగతి వివరింప పనిలేదు. నర్సులను నిందించుటయు న్యాయము కాదు. తెల్లవారకముందే చేరిన జనమునకు ఒకరిద్దరు సమాధానము చెప్పవలసినచోట చిరునవ్వు మధ్యాహ్నమువరకు నిలువదు.

అందుచేత వరుసనే తగ్గింపవలెనను ఆలోచన పుట్టినది. మొజాంబిక్ దేశమున టేటె రాష్ట్రములో 2008లో “సరిహద్దులు లేని వైద్యుల” సంఘము రోగులను ఆరుగురికి మించకుండ చిన్నజట్లుగా కూర్చినది. నెలకొకరు ఆసుపత్రికి పోయి అందరి మందులను తెచ్చుదురు; పోయినవారు ఆనాడే తమ పరీక్షను చేయించుకొందురు. ఆరు ప్రయాణములకు బదులు ఒక్క ప్రయాణము. ఎవరి మాత్రలు మిగిలినవో, ఎవరు నీరసించిరో జట్టువారికి వెంటనే తెలియును. సుమారు ఒక సంవత్సరము తరువాత చూడగా నూటికి 97 మంది చికిత్సలో నిలిచియుండిరి. కేప్‌టౌను చెంతనున్న ఖయెలిట్షా పేటలో 2007లో మొదలైన సంఘములలో ఇంచుమించు ముప్పదిమంది రెండునెలల కొకసారి చేరి, గంటలోపల మందులు తీసికొని, పనులకు పోవుదురు. అచ్చట 40 నెలల పరిశీలనలో సంఘములలోనివారు నూటికి 97 మంది, వెలుపలివారు 85 మంది నిలిచిరి. ఈ లెక్కలలో ఒక మెలిక కలదు. అప్పటికే నిలకడగా మందు వాడుచున్నవారినే సంఘములలో చేర్చుకొనిరి. తొలివారములలో జారిపోవు మలావీ గర్భవతివంటివారికి ఇవి అందలేదు. అయినను నిలకడగా నున్నవారు వరుసనుండి తొలగినచో, కొత్తవారితో మాటాడుటకు నర్సుకు తీరిక చిక్కును. అదియే వీని ముఖ్యప్రయోజనము.

పరీక్షల సంగతియు ఇట్టిదే. ఆసుపత్రికి రావలెనన్నచో పురుషులు వెనుదీయుదురు. చిగుళ్లను తుడిచి ఇంటికడనే ఎవరికి వారు చేసికొను పరీక్షను 2015 తరువాత మలావీ, జాంబియా, జింబాబ్వేలలో విరివిగా పంచిరి. జింబాబ్వేలో “జ్వందిరి” యను కార్యక్రమమున, వ్యాధితోనే పెరిగిన యువతీయువకులు తమకంటె చిన్నవారిని ఇండ్లకు పోయి పలుకరించుచున్నారు. తెల్లకోటు చెప్పినచో చెవికెక్కని మాట, ఆ మాత్రనే మ్రింగుచున్న పందొమ్మిదేండ్ల పిల్ల చెప్పినచో ఎక్కును.

ఇట్టి కట్టడము మీదనే 2025 జనవరి 20న దెబ్బ పడినది. 2003లో అధ్యక్షుడు బుష్ కాలమున నెలకొని, రెండు కోట్లకు పైబడిన రోగులకు ఆసరాయైన అమెరికా సహాయపథకము, కొత్త అధ్యక్షుడు ట్రంప్ విదేశసహాయమును 90 దినములు నిలుపుటతో స్తంభించినది. ప్రాణరక్షక చికిత్సకు మినహాయింపు కొలదిదినములలోనే ప్రకటించిరి. కాని మినహాయింపు మాత్రకు వర్తించినంత సులభముగా, మాత్రను చేర్చు మనిషికి వర్తింపలేదు. దక్షిణాఫ్రికా తన మందులను తన సొమ్ముతోనే కొనుచున్నది, హెచ్.ఐ.వి. వ్యయములో అమెరికా వాటా అప్పటికి సుమారు 17 శాతమే. వినుటకు చిన్నదే. ఆ 17 శాతముతో జీతములు పొందుచుండినవారు సుమారు 15 వేలమంది: సలహాచెప్పువారు, పుస్తకములు వ్రాయువారు, రానివారిని వెదకుచు గడపగడపకు తిరుగువారు. మందుల గదికి తాళము పడలేదు. దానికి దారిచూపువారు ఇండ్లకు పోయిరి. ఈ సహాయము శాశ్వతముగా నిలిచి, దాని స్థానము ఎవరును పూరింపనిచో 2029లోగా అదనముగా 40 లక్షల మరణములు కలుగవచ్చునని ఐక్యరాజ్యసమితి సంస్థ అంచనా వేసినది.

తప్పు అంతయు వాషింగ్టనుదే యనుట కూడ సరికాదు. బడ్జెటులో 15 శాతము ఆరోగ్యమునకు కేటాయింతుమని ఆఫ్రికా దేశాధినేతలు 2001లో అబూజా నగరమున ప్రతిజ్ఞ చేసిరి. దానిని నిలుపుకొన్నవారు బహుకొద్దిమంది. జింబాబ్వే వంటి చితికిన దేశము 1999లోనే ఆదాయపు పన్నుపై 3 శాతము ఎయిడ్సు సుంకము విధించి సొంతనిధి ఏర్పరచుకొనగలిగినది. దానికంటె కలిగిన దేశములు ఏల చేయలేదో వాని ప్రజలే అడుగవలెను.

ఇప్పుడు లెనకాపవిర్ అను కొత్త సూదిమందు వచ్చినది. ఆరునెలల కొకసారి వేయించుకొన్నచో వ్యాధి సోకకుండ కాపాడును. దక్షిణాఫ్రికా, ఉగాండాలలో జరిగిన పరీక్షలో దానిని పొందిన రెండువేలకు పైబడిన యువతులలో ఒక్కరికైనను వ్యాధి రాలేదు. హైదరాబాదు కంపెనీలైన డాక్టర్ రెడ్డీస్, హెటిరో దీనిని 2027 నుండి సంవత్సరమునకు 40 డాలర్ల చొప్పున సరఫరా చేయుటకు ఒప్పందములు చేసికొన్నవి. 2025 నవంబరులో ఎస్వాటిని, జాంబియాలకు తొలివిడత చేరినది. మొదటిసూది వేయించుకొన్న యువతి ఆరునెలలు నిండులోగా రెండవదానికి రావలెను. ఆనాటికి ఆమె ఊరు మారవచ్చును, పెండ్లాడవచ్చును, మరచిపోవచ్చును. ఆమె యింటికి పోయి పిలువవలసినవారి జీతమునకు సొమ్ము ఎచ్చటినుండి వచ్చునో ఆ ఒప్పందములు చెప్పవు.