ఉట్టికి వాటా అడగరేం?

పాత ఇల్లు పంచుకునేటప్పుడు ఇత్తడి అండాకి, టేకు పెట్టెకి పోటీ పడతాం. ఉట్టి, నులక మంచం, ఎద్దు మూతికి కట్టే చిక్కం మాత్రం చెత్తలోకి పోతాయి. కోవిల్‌పట్టి, విరుదునగర్ పక్క మన తెలుగిళ్లలో ఇదే వరస. నారతో చేసింది పనిముట్టే గానీ కళ కాదని ఒక లెక్క. నేనది ఒప్పుకోను.

నార ఈనాటి శిల్పంలో ఎప్పుడో చోటు సంపాదించుకుంది. బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్న మృణాళినీ ముఖర్జీ (1949–2015) జనపనార తాళ్లకు రంగులద్ది, మగ్గం లేకుండా చేత్తోనే ముడి మీద ముడి వేసి, మనిషికన్నా ఎత్తైన శిల్పాలు నిలబెట్టారు. 'వనశ్రీ' (1994) అలాంటిదే. ముందు గీసుకున్న బొమ్మంటూ ఉండేది కాదు. ముడులు పెరిగేకొద్దీ మడతలు పడి, బరువుకు వాలి, రూపం తేలేది. 2019లో న్యూయార్క్ మెట్ బ్రాయర్‌లో ఆవిడ శిల్పాలతో పెద్ద ప్రదర్శన పెట్టారు. ఆవిడకన్నా ముందే, 1960ల్లో, పోలెండ్‌కి చెందిన మగ్దలేనా అబకనోవిచ్ నేసిన నారని గోడమీంచి దించి, చుట్టూ తిరిగి చూసేలా గది మధ్యలో వేలాడదీశారు.

ఉట్టి కూడా గాల్లో వేలాడేదే కదా! తాళ్లు, ముడులు, కుండ బరువు కలిస్తేనే దానికి ఆకారం. అలాగని ఉట్టి కట్టినవాళ్లంతా శిల్పులని నేననను. ముఖర్జీ తనకి కావాల్సిన రూపం కోసం ముడి వేశారు, మన అవ్వలు కుండ కోసం వేశారు. కానీ బరువు ఎక్కడ పడుతుందో, ముడి ఎంత బిగించాలో తెలిసిన చెయ్యి ఇద్దరిదీ ఒకటే. ఆ చేతిపనే ఇప్పుడు పోతోంది.

ఇడైసెవల్‌లో, తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టిన కి. రాజనారాయణన్ ఈ కరిసల్ నేల మాటల్ని ఏరి నిఘంటువు చేశారు. ముడుల్ని అలా ఏరాల్సింది మనమే.

దానికి ఫోటో చాలదు. చేతులు కనబడేలా వీడియో తియ్యాలి. ఏ తాడు ముందు, ఎన్ని పురులు, ముడి పేరేంటి అన్నీ వరుసగా రాయాలి. నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రాసిన వరుస చూసి కొత్తవాళ్లు చేస్తే అదే ఫలితం రావాలన్నది మా నియమం. ఇక్కడా అంతే. ఎన్నడూ ఉట్టి కట్టని పిల్ల అది చూసి కట్టాలి, నీళ్ల కుండ పెట్టాలి. కుండ జారితే మళ్లీ వెళ్లి అడగాలి.

అడగడానికి వాళ్లు ఉన్నప్పుడే ఈ పని కావాలి. పొంగల్‌కి ఊరెళ్లినప్పుడు మొదలుపెడదాం.