సైనిక వాహనాల రేడియో జాడ

సైనిక వాహనాలు పరస్పరం సమాచారం పంచుకొనేటప్పుడు వెలువడే రేడియో తరంగాల వలన శత్రువుకు తెలిసిపోయే ఆనవాలును '''రేడియో జాడ''' అంటారు. దీనిని తగ్గించడం ఆధునిక యుద్ధతంత్రంలో ఒక ముఖ్యమైన సమస్య. హైదరాబాదులోని రక్షణ పరిశోధనకు, హైటెక్ సిటీ ప్రాంత పరిశ్రమకు ఈ రంగంతో సంబంధం ఉంది.

== జాడ తెలిసే విధానం ==
వేర్వేరు చోట్లనున్న రెండు లేక మూడు గ్రాహకాలు తరంగం వచ్చిన దిశను కొలుస్తాయి. ఆ దిశారేఖలు కలిసేచోట వాహనం ఉంటుంది. సందేశం రహస్య సంకేతాలలో ఉన్నప్పటికీ, అది ఎక్కడినుండి వచ్చినదీ దాగదు. 2023 జనవరి 1న మకీవ్కాలో ఉక్రెయిన్ జరిపిన రాకెట్ దాడిలో తమ సైనికులు 89 మంది మరణించారని, వారు మొబైల్ ఫోన్లు వాడడమే ప్రధాన కారణమని రష్యా రక్షణ శాఖ ప్రకటించింది.

== హైదరాబాదులో ==
చాంద్రాయణగుట్టలోని రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనాశాల (డి.ఎల్.ఆర్.ఎల్.) 1961లో ఏర్పడింది. భారత్ ఎలక్ట్రానిక్స్, ఇ.సి.ఐ.ఎల్., సైన్యపు సిగ్నల్స్ విభాగాలతో కలిసి ఇది ''సంయుక్త'' అనే ఎలక్ట్రానిక్ యుద్ధ వ్యవస్థను రూపొందించింది. 145 వాహనాలపై అమర్చిన ఈ వ్యవస్థ 150 కి.మీ. పొడవు, 70 కి.మీ. వెడల్పు గల ప్రాంతంలో శత్రు ప్రసారాలను పసిగట్టి, వాటికి అంతరాయం కలిగించగలదు. అయితే అంతరాయం కలిగించే వాహనం తానే బలమైన తరంగాలను వెలువరిస్తుంది కనుక దాని జాడ కూడా సులభంగా తెలుస్తుంది.

హైటెక్ సిటీ సమీపాన కొత్తగూడలోని ఆస్ట్రా మైక్రోవేవ్ సంస్థ, ఇజ్రాయెల్‌కు చెందిన రఫాయెల్‌తో కలిసి నెలకొల్పిన ఆస్ట్రా రఫాయెల్ కామ్‌సిస్ సంస్థ సైనిక అవసరాలకు సాఫ్ట్‌వేర్ ఆధారిత రేడియోలను తయారు చేస్తుంది.

== తగ్గించే పద్ధతులు ==
* ప్రసార శక్తిని తగ్గించడం. అడ్డులేని ఆరుబయట శక్తిని నాలుగో వంతుకు తగ్గిస్తే, జాడ తెలిసే దూరం సగమవుతుంది.
* తరంగాలను ఒకే దిశలో పంపే ఆంటెనాలు వాడడం.
* పౌనఃపున్యాన్ని వెంటవెంటనే మార్చడం, లేదా సంకేతాన్ని విశాలమైన పట్టీపై పరచడం.
* సందేశాన్ని కుదించి క్షణకాలంలో పంపడం.
* ఆంటెనాను వాహనానికి దూరంగా నిలిపి తీగతో కలపడం.
* అవసరం లేనప్పుడు రేడియో నిశ్శబ్దం పాటించడం.

== పరిమితులు ==
శక్తిని తగ్గిస్తే శత్రువుకే గాక స్వపక్షానికీ సంకేతం అందే దూరం తగ్గుతుంది. పూర్తి నిశ్శబ్దం పాటించే వాహనం సురక్షితంగా ఉండవచ్చు గాని, తాను చూసినది ఇతరులకు చెప్పలేదు. కావున ఏ సమాచారం, ఎప్పుడు, ఎంత శక్తితో పంపాలి అన్నది యంత్రపు నాణ్యతతో పాటు సేనాని నిర్ణయం, సిబ్బంది క్రమశిక్షణలపై కూడా ఆధారపడి ఉంటుంది.